ఏలినవారు సెలవిచ్చారు

ఒక పెద్ద అడవిలో అనగానే మీరు చెట్లూ సెలయేళ్లూ నెమళ్లూ ఊహించుకుంటారు. కాస్త ఆగండి. అవన్నీ ఉన్నాయి గానీ, ఈ అడవిలో అన్నిటికన్నా ముందు ఒక కంపెనీ ఉంది. కేసరి అల్లికల కంపెనీ. గంపలు, బుట్టలు, చాపలు, ఉట్లు, ఒకటేమిటి, గడ్డిపోచతో అల్లగలిగిందల్లా అక్కడ అల్లి చుట్టుపక్కల అడవులకు పంపేవారు.

యజమాని కేసరిరాయుడనే సింహం. సింహాల సంగతి తెలిసిందే. ముందు నిద్ర, తర్వాత ఆవలింత, ఆ తర్వాత ఉపన్యాసం. పొద్దున్నే వచ్చి పెద్దబండ మీద పడుకున్నాడంటే, పొద్దు వాలి ఎండ మొహాన కొట్టేదాకా కన్ను తెరిచేవాడు కాదు.

ఉద్యోగుల పని అంతకు చాలా ముందే అయిపోయేది. అయినా ఇంటికి పోవడానికి లేదు. దొర లేవాలి, అందరూ ఉన్నారా అని ఓసారి చూడాలి, నాలుగు మంచిమాటలు చెప్పాలి. ఆ నాలుగు మాటలూ నలభై అయ్యేసరికి చీకటి పడేది. ఇలాంటి చోట్లు మీరూ చూసే ఉంటారు. నేను పేర్లు చెప్పను.

ఆ కంపెనీలో ఇంకో మర్యాద కూడా ఉండేది. దొర మాట్లాడితే "చెప్పారు" అనకూడదు, "అన్నారు" అనకూడదు. "ఏలినవారు సెలవిచ్చారు" అనాలి. ఉద్యోగులు నోరు తెరిస్తే మాత్రం "మనవి చేసుకున్నారు" అనాలి. ఒకసారి ఒక కుందేలు పొరపాటున "దొరగారు ఏదో అన్నారు" అంది. ఆ పూట దొరగారి భోజనం ఆ కుందేలే. అప్పట్నుంచి అందరి నాలుకలూ దారిలోకి వచ్చాయి.

దొర గట్టిగా మాట్లాడడు, గొంతు అరుగుతుందని. బండమీద పడుకుని గొణుగుతాడు. నయవల్లి అనే నక్క అది విని, కిందికి వచ్చి, పాకల ముందు నిలబడి "ఏలినవారు సెలవిచ్చారు" అని చాటుతుంది. ఆ మాట వినగానే అందరూ చప్పట్లు కొట్టాలి. ఏమని సెలవిచ్చారో ఆ తర్వాత చెబుతుంది. చెప్పాక కొట్టమంటే కొడతారో కొట్టరో అని నయవల్లికి అనుమానం. తెలివైంది.

ఇక మనవాడి సంగతి. పోగయ్య అని ఒక గిజిగాడు ఆ కంపెనీలో అల్లికపని చేసేవాడు. వాడు అల్లిన బుట్టలో నీళ్లు పోసినా కారవని చెప్పుకునేవారు. అందులో సగం అబద్ధమే అనుకోండి, మిగతా సగం చాలు.

గిజిగాళ్లలో పెళ్లి అంటే మాటలు కాదు. మగపిట్ట ముందు సగం గూడు అల్లాలి. ఆడపిట్ట వచ్చి, అందులో కూర్చుని, ఊగి చూసి, గోడలు ముక్కుతో పీకి చూసి, నచ్చితే సరేనంటుంది. అప్పుడు మిగతా సగం అల్లాలి. కిందికి గొట్టంలా వేలాడే దారి వేస్తేగానీ అది గూడు కాదు. అది లేకపోతే పాముకి పెట్టిన విస్తరే. ఇదంతా తొలకరి పడేలోగా అయిపోవాలి. కాకపోతే ఆ ఏటికి పెళ్లీ లేదు, పిల్లలూ లేరు.

పోగయ్య సగం గూడు వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకి వేలాడుతోంది. నూకాలు అనే ఆడపిట్ట వచ్చి చూసింది కూడా.

"అల్లిక బాగుంది మావా, దిట్టంగా ఉంది. మరి గొట్టమేదీ?" అంది.

"రేపు సాయంత్రం మొదలెట్టేస్తాను నూకాలూ."

"నిన్న అడిగినా రేపే అన్నావు."

"దొరగారు ఆలస్యంగా లేచారు. నేనొచ్చేసరికి కళ్లు కనబడలేదు. చీకట్లో అల్లితే ముడి పడదుగా."

నూకాలు తల తిప్పి పక్క కొమ్మ వైపు చూసింది. "మా అమ్మ ముందే చెప్పింది. ఉద్యోగమున్నవాణ్ని చేసుకోకే, ఇల్లున్నవాణ్ని చేసుకో అని. ఆ పక్క కొమ్మమీద ఒకడున్నాడు. ఉద్యోగం సద్యోగం లేదు. అల్లిక అష్టావక్రంగా ఉంది. కానీ గొట్టందాకా వచ్చేశాడు."

"వాడా? వాడికి ముడి వెయ్యడం కూడా రాదు."

"రాకపోయినా వేస్తున్నాడుగా. చూడు మావా, నాకు నువ్వంటేనే ఇష్టం. కానీ గుడ్లు ఇష్టం మీద పెట్టలేను, గూట్లో పెట్టాలి. తొలకరి దాకా చూస్తాను. ఆ తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

ఆ మాట అని ఎగిరిపోయింది. 

ఉద్యోగం మానేయొచ్చుగా అంటారు మీరు. అనడం తేలిక. కంపెనీ కొలువులో ఉన్నవాళ్ల గూళ్ల జోలికి కంపెనీ డేగలు రావు, కొలువు మానేసినవాళ్ల గూళ్లని మాత్రం వదలవు. అదే వాళ్లకి జీతం. కొలువు మానేస్తే గూడుంటుంది, గుడ్లుండవు. మానకపోతే గుడ్లకి భయం లేదు, గూడే లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

ఇలా ఉండగా ఒక రోజు పక్క అడవినుంచి ఒక ఎలుగుబంటి ఒళ్లంతా తేనె కార్చుకుంటూ, తేనె వెంట ఈగల్ని తెచ్చుకుంటూ వచ్చింది. కంపెనీ వాళ్ల దగ్గర కొన్న ఉట్టిలో తేనెకుండ పెట్టుకుంటే, ఉట్టి అడుగు ఊడి కుండ నెత్తిన పడిందట.

"ఇదేం అల్లికయ్యా? మీవాళ్లు నిద్రలో అల్లుతున్నారా?" అంది.

నిజంగా నిద్రలోనే అల్లుతున్నారు. 

"మా అడవిలో అయితే ఉద్యోగుల క్షేమం చూస్తారు. పనికీ బతుక్కీ మధ్య బ్యాలెన్స్ ఉండాలంటారు. మీ దగ్గర బ్యాలెన్స్ లేదా?" అని అడిగింది ఎలుగుబంటి.

కేసరిరాయుడికి ఆ మాట వినడం అదే మొదలు. కానీ పక్క అడవిలో ఉన్నది తన అడవిలో లేదంటే ఎంత నామోషీ. "లేకపోవడమేమిటి, బోలెడుంది. లోపల పెట్టించాం" అన్నాడు. తప్పు, సెలవిచ్చాడు. ఎలుగుబంటి అటు వెళ్లగానే నక్కని పిలిచాడు.

"నయవల్లీ, బ్యాలెన్స్ అంటే ఏమిటి?"

నక్కలకి తెలియని సంగతంటూ ఉండదు, తెలియకపోయినా సరే. "పడిపోకుండా నిలబడడం ఏలినవారూ" అంది.

"అయితే మనవాళ్లందరికీ అది వెంటనే నేర్పించు. నిన్ను సంక్షేమాధికారిని చేశాను."

నయవల్లి ముందు ఉద్యోగుల అభిప్రాయాలు అడగాలనుకుంది. అడిగితే ఏమీ పోదు, వింటేనే కష్టం. పాకల్లోకి వచ్చి, చిరునవ్వు మొహానికి తగిలించుకుని, "మీకు ఏం కావాలో మనసు విప్పి మనవి చేసుకోండి" అంది.

పోగయ్య గుండె దిటవు చేసుకుని ముందుకి గెంతాడు. "అమ్మగారూ, పొద్దు గూకకముందే ఇంటికి పోనివ్వండి. ఇంకేమీ వద్దు."

"భలేవాడివి పోగయ్యా. ఇంటికి పోవడం క్షేమమెలా అవుతుంది, అది పోవడం. కంపెనీ ఇవ్వగలిగింది అడుగు."

"మీరు పట్టుకోకుండా వదిలేస్తే చాలమ్మా, ఇవ్వక్కర్లేదు."

"అది తప్ప ఇంకేదైనా అడుగు నాన్నా" అంది నక్క. అంత ప్రేమగా కాదనడం కూడా ఒక విద్యే.

మోపులు మోసే గాడిద మోపయ్య లేచాడు. వాడికి ఎదురుచెప్పడం రాదు, ఎవరేమన్నా తలూపడమే. "మీకేది తోస్తే అది ఇప్పించండమ్మా" అన్నాడు. నక్క మొహం విచ్చుకుంది. మోపయ్య మాటే అందరి అభిప్రాయమని పైకి వెళ్లి మనవి చేసింది.

బ్యాలెన్స్ నేర్పడానికి కొంగని కుదిర్చారు. ఒంటికాలి మీద గంటలకొద్దీ నిలబడగలిగేది ఇంకెవరు? పని అయిపోయాక, దొరగారు లేచి ఒక మంచిమాట సెలవిచ్చి, ఉపన్యాసం మొదలుపెట్టేలోగా, అందరూ వాగొడ్డున ఒంటికాలి మీద నిలబడాలి. కళ్లు మూసుకోవాలి. మనసులో బాధలన్నీ నీళ్లలోకి వదిలేయాలి.

మోపయ్యకి కష్టమొచ్చింది. "నాకు నాలుగున్నాయి. ఎన్ని ఎత్తమంటారు?" అని అడిగాడు.

"మూడు" అంది కొంగ, కళ్లు తెరవకుండా.

మోపయ్య మూడు ఎత్తాడు. ఎత్తినంతసేపు పట్టలేదు, పడ్డాడు. పడ్డవాణ్ని లేపి, నీకు బతుకులో బ్యాలెన్స్ ఎంత తక్కువో చూశావా అని మందలించారు.

నార తడిపే పని చూసే కప్పలు కూడా ఆ తరగతికి రావాల్సిందే. వచ్చాయి. కళ్లు మూసుకున్నాయి. అందరూ కళ్లు తెరిచేసరికి రోజూ ఒకటో రెండో తక్కువయ్యేవి. ఏమయ్యాయని అడిగితే కొంగ గుటక మింగి, "లీనమైపోయాయి" అంది. కొంగజపం అని ఊరికే అన్నారా పెద్దలు.

డిప్పయ్య అనే ముసలి తాబేలు చాపలు చుట్టే పనిలో ఉండేవాడు. చెవులు సరిగా వినబడవు. నక్క ఆయన్ని అందరిముందూ నిలబెట్టి, "చూడండి డిప్పయ్యగారిని. ఇల్లూ ఆఫీసూ ఒకటే చేసుకున్నారు. ఇల్లు నెత్తినే ఉన్నా ఒక్కరోజూ ఇంటికి పోతానని అడగలేదు" అని పొగిడింది.

"ఏమిటీ?" అన్నాడు డిప్పయ్య.

"మీకు ఇంటికి పోవాలని ఉండదు కదా అంటున్నారమ్మగారు" అని మోపయ్య ఆయన చెవిలో అరిచాడు.

"ఇంట్లో ఉన్నానో ఆఫీసులో ఉన్నానో నాకే తెలీక ఏళ్లయిందిరా నాయనా" అన్నాడు ఆయన. ఆ మాటలో బాధ ఉందని పోగయ్యకి అర్థమైంది. నక్క మాత్రం చప్పట్లు కొట్టించింది.

తర్వాత కుటుంబ దినమని ఒకటి పెట్టారు. ఉద్యోగులు ఇంటివాళ్లకి దూరమైపోతున్నారట, అందుకని ఇంటివాళ్లనే కంపెనీకి రమ్మన్నారు. పోగయ్యకి ఇంటివాళ్లంటూ ఇంకా లేరు. నూకాల్ని బతిమాలి తీసుకొచ్చాడు.

వచ్చినవాళ్లకి ముందు తలా ఒక రేగుపండు పెట్టారు. తిన్నాక తలా ఒక నారపోచ చేతికిచ్చారు, పిట్టలకైతే ముక్కుకిచ్చారు. "కుటుంబంతో కలిసి గడపడమంటే కలిసి పనిచెయ్యడమే" అంది నయవల్లి. ఆ రోజు కంపెనీలో మామూలుకన్నా రెట్టింపు బుట్టలు తయారయ్యాయి.

నూకాలు పోచ కింద పెట్టేసి పోగయ్య అల్లుతుంటే చూస్తూ కూర్చుంది. పోగయ్య ముక్కు ఇటు దూరి అటు తేలుతోంది. బుట్ట కింద పొడుగాటి అల్లికగొట్టం, సన్నగా, నునుపుగా దిగుతోంది. పక్క అడవి దొరసానికి బొంగరాలు దాచుకునే బుట్టట అది.

"గొట్టం వెయ్యడం నీకు రాదేమో అనుకున్నాను మావా ఇన్నాళ్లూ" అంది నూకాలు.

పోగయ్య ముక్కు ఆగింది.

"ఇంత బాగా వేస్తావా. ఎవరిది ఇది?"

"ఎవరిదో."

"ఎవరికో ఇంత చక్కగా వేస్తున్నావు. నాకు సగం గోడ చూపించి రేపు రేపంటున్నావు" అంది. కోప్పడలేదు, అదే పోగయ్యకి ఇంకా కష్టమనిపించింది. "మబ్బులు తూర్పున పుట్టాయి, చూశావా? నేను మాటిచ్చినంతకాలం ఉంటాను. ఆ తర్వాత ఉండలేను మావా."

పోగయ్య ఏదో చెప్పబోయేలోగా కొంగ గంట కొట్టింది. ఒంటికాలి వేళయింది. ఆ సాయంత్రం వాడు కళ్లు మూసుకుని నిలబడి ఏడ్చాడు. బాధలు నీళ్లలోకి వదులుతున్నాడని కొంగ మెచ్చుకుంది.

ఇంతా చేసినా ఉట్లు ఊడుతూనే ఉన్నాయి. ఒకటి ఏనుగు పిల్ల నెత్తిన ఊడింది. దొరకి కోపమొచ్చింది.

"ఇంత క్షేమం పోస్తున్నాం, ఎక్కడికి పోతోంది? సరిపోవడం లేదేమో. ఇంకొంచెం పొయ్యి" అన్నాడు నక్కతో.

"చిత్తం. ఆనంద సంధ్య అని పెడదాం ఏలినవారూ. మీ ఉపన్యాసం అయ్యాక ఇంకో గంటసేపు అందరూ ఇక్కడే ఉండి సంతోషించాలి. సంతోషించనివాళ్లని మర్నాడు ఇంకో గంట ఉంచుతాం."

"బాగుంది. చాటేయ్" అన్నాడు దొర. అని, ఆ రోజు ఎండ మరీ తీక్ష్ణంగా ఉండి కాస్త ముందే మెలకువ వచ్చినందుకు విసుక్కుని, ఇటు తిరిగి మళ్లీ పడుకున్నాడు.

నయవల్లి కిందికి వచ్చింది. పొద్దు ఇంకా తాటిచెట్ల పైనే ఉంది. పొద్దుట్నుంచీ పాకల్లో అరిచి అరిచి ఆ రోజు దాని గొంతు బొంగురుపోయింది. పాకలముందు నిలబడి, మెడ ఎత్తి, "ఏలినవారు సెలవిచ్చారు" అంది. చప్పట్లకోసం ఆగింది. బొంగురుగొంతు విని అందరూ తెల్లబోవడంతో చప్పట్లు వెంటనే పడలేదు. ఆగి, గొంతు సవరించుకోవడానికి నీళ్లు తాగుదామని కుండ వైపు తిరిగింది.

డిప్పయ్య ముందు వరసలో ఉన్నాడు. ఆయనకి చెవులు వినబడవు గానీ, నక్క తన మొహంమీదే అరిచింది కాబట్టి ఈ ఒక్కటీ బాగా వినబడింది. ఇన్నేళ్ల కొలువులో ఆయన ఆ మాటని ఎప్పుడూ చప్పట్ల మోతలో వినడమే. ఇప్పుడు విడిగా, స్పష్టంగా చెవిన పడింది.

"ఏమిటీ, సెలవిచ్చారా?" అన్నాడు.

"ఇచ్చారు తాతా" అన్నాడు మోపయ్య. ఎవరేమడిగినా ఔననడం వాడికి అలవాటని చెప్పానుగా.

"ఎన్నాళ్లకి గుర్తొచ్చింది మహానుభావుడికి" అని డిప్పయ్య చాప చుట్టడం ఆపి, బయటికి నడిచాడు. తాబేలు నడక ఎంత నెమ్మదో మీకు తెలుసు. అంత నెమ్మదిగా, అంత నిబ్బరంగా ఒక పెద్దమనిషి ఇంటికి పోతుంటే చూసినవాళ్లకి అనుమానమెలా వస్తుంది? వెనకాల మోపయ్య నడిచాడు. మోపయ్య వెనక మిగిలిన కప్పలు గెంతాయి. కప్పల మీదుగా పిట్టలు లేచాయి.

పోగయ్యకి ఆ మాటకి అర్థం తెలుసా తెలీదా అని నన్నడక్కండి. తెలిసే, తెలియనట్టు ఎగిరాడని నా అనుమానం. తప్పు వాడిది కాదు. రెండర్థాల మాట పెట్టుకున్న భాషది, ఆ మాటే అనాలని పట్టుబట్టిన దొరది.

నక్క నీళ్లు తాగి ఇటు తిరిగేసరికి పాకలు ఖాళీ.

ఆ సాయంత్రం పోగయ్య వెలుతురు ఉన్నంతసేపూ అల్లాడు. గొట్టం మొదలు పడింది.

మర్నాడు దొర లేచేసరికి నక్క చెవులు వేలాడేసుకుని నిలబడి ఉంది. జరిగింది మనవి చేసుకుంది. దొర తోక నేలకేసి కొట్టాడు.

"నేను సెలవివ్వలేదు."

"ఇచ్చారు ఏలినవారూ. అంటే, ఇవ్వలేదు. సెలవు ఇవ్వలేదు, సెలవిచ్చారు."

"ఏం కూస్తున్నావు? వెళ్లి అది సెలవు కాదని చెప్పు."

నక్క కిందికి పరిగెత్తింది. ఎందుకైనా మంచిదని చప్పట్లకి ఆగకుండా గబగబా అందుకుంది. "అది సెలవు కాదని ఏలినవారు సెలవిచ్చారు."

పాకల్లో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నిన్నటిది కాదంటమ్మా?" అని అడిగాడు మోపయ్య.

"కాదు."

"మరి ఇవాళ ఇచ్చారుగా. పోనీలెండి, ఇవాళే తీసుకుంటాం" అని వాడు కావడి దించేశాడు. డిప్పయ్య అప్పటికే గుమ్మం దాటాడు. నిన్నటి అనుభవంతో ఆయన కాస్త ముందే బయల్దేరాడు.

ఆ సాయంత్రం గొట్టం బెత్తెడు దిగింది. నూకాలు పక్క కొమ్మమీద నుంచి చూసింది. ఎటూ పోలేదు.

మూడోరోజు కేసరిరాయుడు స్వయంగా బండ దిగి వచ్చాడు. జూలు విదిల్చి, చెట్లమీది కాయలు రాలేలా గర్జించాడు. "ఎవ్వరికీ సెలవు లేదు. లేదు, లేదు, లేదు."

 పోగయ్య ముక్కులో పోచ జారిపోయింది. ఇవాళ సాయంత్రం చేజారితే ఇక గూడు పూర్తికాదన్నంత మబ్బు పట్టింది పైన.

దొర ఎంత గట్టిగా అరిచినా నక్క చాటితేగానీ అది హుకుం కాదు, అదీ మర్యాద. నయవల్లి అడుగు ముందుకేసింది. నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. పాపం, దాని అవస్థ ఆ రోజు పగవాడికి కూడా వద్దు. "అన్నారు" అంటే కుందేలు గతి. ఆ ఒక్కటీ అనకుండా ఎలాగో చెప్పాలి.

"ఎవ్వరికీ సెలవు లేదని..." అని ఆగింది. దొర కళ్లెర్రజేసి చూస్తున్నాడు. "లేదని, ఏలినవారు..."

"ఏలినవారు ఏం చేశారమ్మా?" అన్నాడు డిప్పయ్య, చెవి దగ్గరగా పెట్టి.

నక్క కళ్లు గట్టిగా మూసుకుంది. "సెలవిచ్చారు."

"లేదు లేదంటూనే ఇచ్చారు. మనసు వెన్నపూస" అన్నాడు డిప్పయ్య. అందరూ మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు. ఆ కంపెనీలో మనస్ఫూర్తిగా చప్పట్లు మోగడం అదే మొదటిసారి. ఆ మోతకి దొరకి కూడా ఒక్క క్షణం సంతోషమే కలిగింది. తేరుకుని చూసేసరికి ఎదురుగా నక్క తప్ప ఎవరూ లేరు.

"నయవల్లీ."

"ఏలినవారూ."

"రేపట్నుంచి 'దొరగారు చెప్పారు' అని చాటుదామా?"

నక్క భయంభయంగా చూసింది. "చాటొచ్చు. కానీ చెప్పడమంటే అందరూ చెబుతారు ఏలినవారూ. గాడిద కూడా చెబుతుంది."

దొర చాలాసేపు ఆలోచించాడు. ఉద్యోగులు పోతే పోనీ గానీ, మర్యాద పోతే సింహం బతుకేం బతుకు? గాడిదా తానూ ఒకే మాట పంచుకోవడమా?

"అయితే నేను నోరు తెరిస్తే సెలవే అన్నమాట" అన్నాడు.

"అలాగే తయారైంది ఏలినవారూ."

"తెరవకపోతే?"

"సెలవు లేదు."

"అంతే కదా. ఇక తెరవను. వీళ్ల పొగరణుస్తాను. ఒక్క సెలవు దొరికితే ఒట్టు" అని మూతి బిగించాడు. అదే కేసరిరాయుడి మౌనవ్రతం. ఉద్యోగులకి శిక్ష వేశాననే ఆయన అనుకున్నాడు.

మర్నాడు ఏం జరిగిందో వినండి. పొద్దున్నే అందరూ వచ్చారు. పని చేశారు. ఎప్పట్లాగే పొద్దుండగానే పని అయిపోయింది. ఉపన్యాసం ఉందా అని నక్కని అడిగారు. లేదు. దొర నోరు తెరవడం లేదు కాబట్టి చాటడానికి నక్క దగ్గర ఏమీ లేదు. ఒంటికాలి తరగతి రోజూ దొరగారి మంచిమాటతోనే మొదలవ్వాలి, మాట లేదు కాబట్టి తరగతి లేదు. కొంగ ఆకలితో వేరే వాగు చూసుకుంది. ఆనంద సంధ్య ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టింది కట్టినట్టే ఉంది, దొర ఒక్క మాట సెలవియ్యందే కత్తిరించకూడదు.

ఇక చేసేదేముంది? అందరూ లేచి ఇళ్లకి పోయారు. ఎవరూ దాన్ని సెలవనలేదు. పని అయింది, పోయారు, అంతే.

బండమీద ఎండ మొహాన కొట్టి దొర కళ్లు తెరిచేసరికి అందరూ దారమ్మట పోతున్నారు. ఆపుదామని నోరు తెరవబోయాడు. నయవల్లి పరుగున వచ్చి తన తోక ఆయన నోటికి అడ్డంపెట్టింది.

"వద్దు ఏలినవారూ, సెలవైపోతుంది."

దొర నోరు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం గాలి మారింది. మట్టివాసన వచ్చేసింది. పోగయ్య తలకిందులుగా వేలాడి గొట్టం అల్లుతున్నాడు. పక్క కొమ్మవాడి గూటి దగ్గర నూకాలు కూర్చుని ఉంది. వాడు "లోపలికి రా, వాన వస్తోంది" అని పిలుస్తున్నాడు. వాడి గొట్టం వంకరే అయినా పూర్తయింది. పిలవడంలో వాడి తప్పేమీ లేదు.

మొదటి చినుకు ఆకుమీద పడింది. పోగయ్యకి ఇంకా రెండు వరసలున్నాయి. వాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి, అల్లిక కనబడడం మానేసింది. అయినా ముక్కు ఆపలేదు. ఇన్నేళ్లూ ఎవరెవరికోసమో వేసిన ముడులు, చూడకపోయినా పడుతున్నాయి.

"మావా" అంది నూకాలు. దగ్గరకొచ్చి వాలింది. ఒళ్లు తడిసిపోయింది.

"ఇంకా అవలేదు నూకాలూ. తొలకరి వచ్చేసింది. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. నిన్నేమీ అనను."

"ఇది తొలకరని ఎవరన్నారు? మబ్బు తుమ్మింది, అంతే" అంది నూకాలు. కింద పడిపోయిన పోచ ఒకటి వెతికి తెచ్చి వాడి ముక్కుకి అందించింది. "కానీ, తొందరగా కానీ."

తడుస్తూ కూర్చుని, ఒక్కో పోచా అందించింది. ఆఖరి ముడి పడేసరికి వాన దంచి కొడుతోంది. నూకాలు గొట్టంలోంచి పైకి దూరి లోపలికి పోయింది. గోడలు ముక్కుతో పీకుతున్న చప్పుడు వినబడింది. కింద పోగయ్య గుండె పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఒక్క చుక్క కారడం లేదు మావా" అని లోపల్నుంచి వినబడింది. "అక్కడేం చేస్తున్నావు, ఇంటికి రా."

ఆ మాట విని వాడు ఏడ్చాడు. ఈసారి మెచ్చుకోవడానికి కొంగ లేదు.

కంపెనీ సంగతంటారా? ఉట్లు ఊడడం మానేశాయి. కంటినిండా నిద్రపోయి వచ్చినవాళ్లు అల్లిన అల్లిక మరి. ఎలుగుబంటి మెచ్చుకుని, ఇదెలా సాధించారని అడగడానికి వచ్చింది. దొర నోరు విప్పడాయె. అంతా ఒంటికాలి మహిమేనని నయవల్లి చెప్పింది. ఇప్పుడా నక్క పక్క అడవుల్లో ఉద్యోగులందర్నీ పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి, వాళ్లని పెందలాడే ఇంటికి పంపడం ఎంత అవసరమో వివరిస్తోందట.

నీతి: యజమాని సెలవివ్వకపోయినా ఎలాగో బతకొచ్చు, సెలవిస్తూ కూర్చుంటేనే చావు.